లారీ మీది రంగు పలక

తాడిపత్రి నుంచి బెలుం గుహలు చూడడానికి బయలుదేరినవారికి కొలిమిగుండ్ల దారిలో ఎన్నో లారీలు ఎదురవుతాయి. కొన్నింటిలో నాపరాళ్ళు, కొన్నింటిలో సిమెంటు బస్తాలు. వాటి నడుమ అప్పుడప్పుడు ఒక పెట్రోలు ట్యాంకరో, గ్యాస్ సిలిండర్ల లారీయో, గనులకు పోయే ప్రేలుడు పదార్థాల బండియో కనబడుతుంది. ఈ బండ్ల ప్రక్కలనూ వెనుకనూ, మూల మీద నిలబెట్టిన చదరంలో ఒక రంగు బొమ్మ, దాని దగ్గర కొన్ని అంకెలు ఉంటాయి. చాలామంది వాటిని చూచీ చూడనట్లు పోతారు. కాని అది ఒక భాష. నేర్చుకొంటే పది నిమిషాలలో వచ్చే భాష.

ఒక లారీలో ఒకే రకం సరుకు ఉన్నప్పుడు ఆ పలకను చదవడం సులభం. రెండు మూడు రకాల ప్రమాదకరమైన సరుకులను కలిపి ఎక్కించినప్పుడు పలక మీద ఏమి వ్రాయాలి? అసలు వాటిని కలిపి ఎక్కించవచ్చునా? ఈ ప్రశ్నలకు జవాబు మీ రసాయనశాస్త్ర పుస్తకంలోనే ఉన్నది.

డ్రైవరు చెప్పలేనప్పుడు

ఒక లారీ బోల్తా పడిందనుకోండి. లోపల ఏమున్నదో తెలిసినవాడు డ్రైవరు. అతడు స్పృహ తప్పి ఉండవచ్చు. సరుకు కాగితాలు అతని సీటు దగ్గర ఉంటాయి, కాని అక్కడికి పోవడమే ప్రమాదం కావచ్చు. అగ్నిమాపక దళం వచ్చింది. నీళ్ళు కొట్టాలా, నురుగు చల్లాలా? ప్రక్కనున్న ఊరిని ఖాళీ చేయించాలా, అక్కరలేదా? ఈ ప్రశ్నలకు దూరం నుంచే జవాబు చెప్పగలిగేది లారీ మీది పలక ఒక్కటే.

లారీ పంజాబు నుంచి వచ్చి ఉండవచ్చు. ప్రమాదం ఆళ్ళగడ్డ దగ్గర జరగవచ్చు. భాష వేరైనా అర్థం కావాలి కనుక బొమ్మ, రంగు, అంకె అనే మూడింటినీ వాడుకొన్నారు. ఇందుకోసం ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1956లో మొదటిసారి సిఫారసులు ప్రకటించింది. ప్రపంచంలోని చాలా దేశాల నియమాలకు అవే మూలం.

తొమ్మిది తరగతులు

ఆ పద్ధతిలో ప్రమాదకర పదార్థాలను తొమ్మిది తరగతులుగా విభజించారు.

1. ప్రేలుడు పదార్థాలు. నారింజ రంగు చదరంలో బద్దలవుతున్న బొమ్మ.
2. వాయువులు. మండేవాటికి ఎరుపు మీద మంట; మండని, విషం కాని వాటికి ఆకుపచ్చ మీద సిలిండరు; విషవాయువులకు తెలుపు మీద పుర్రె.
3. మండే ద్రవాలు. ఎరుపు మీద మంట. పెట్రోలు, డీజిలు ఇందులోవే.
4. మండే ఘనపదార్థాలు. ఎరుపు, తెలుపు చారలు. వీటిలో నీళ్ళు తగిలితే మండే వాయువునిచ్చేవాటికి వేరుగా నీలిరంగు చదరం ఉంటుంది.
5. ఆక్సీకరణులు. పసుపు మీద, వలయం పైన మంట. ఇతర వస్తువులు మండడానికి ఇవి ఆక్సిజన్ అందిస్తాయి.
6. విషపదార్థాలు. తెలుపు మీద పుర్రె. పురుగుమందులలో చాలా భాగం ఇందులో చేరుతాయి.
7. రేడియోధార్మిక పదార్థాలు. పైన పసుపు, క్రింద తెలుపు, మూడు రెక్కల గుర్తు.
8. తినివేసేవి. చేతిమీద, లోహంమీద చుక్కలు పడుతున్న బొమ్మ. ఆమ్లాలు, క్షారాలు ఇందులోవి.
9. పై వాటిలో చేరని ఇతర ప్రమాదకర వస్తువులు.

తరగతిని బట్టి ప్రమాదం తెలుస్తుంది. పదార్థం పేరు తెలియడానికి దాదాపు ప్రతి వస్తువుకూ నాలుగంకెల సంఖ్య ఒకటి ఇచ్చారు. పెట్రోలు 1203. వంటగ్యాస్ 1075. క్లోరిన్ 1017. గంధకామ్లం 1830. కాల్షియం కార్బైడు 1402. ఈ సంఖ్యలు నంద్యాలలోనూ ఇవే, లండనులోనూ ఇవే.

మన దేశంలో నియమం

మన దేశంలో ఈ విషయాన్ని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి చెబుతుంది. అందులో 129 నుంచి 137 వరకు గల నియమాలు ప్రమాదకర సరుకుల రవాణాకు సంబంధించినవి. వీటి ప్రకారం బండికి కుడిప్రక్క, ఎడమప్రక్క, వెనుక, ఈ మూడుచోట్ల అత్యవసర సమాచార పలక ఉండాలి. దాని మీద సరుకు అసలు పేరు, ఐక్యరాజ్యసమితి సంఖ్య, తరగతి బొమ్మ, ప్రమాదం జరిగితే పిలవవలసినవారి ఫోను నంబర్లు, సరుకు గూర్చి సలహా చెప్పగలవారి ఫోను నంబరు వ్రాయాలి. పేరులోని అక్షరాలు 5 సెంటీమీటర్ల ఎత్తుకు, సంఖ్యలోని అంకెలు 10 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. తరగతి బొమ్మ చదరం ఒక్కొక్క ప్రక్క 25 సెంటీమీటర్లైనా ఉండాలి. మీ పెద్ద స్కేలు 30 సెంటీమీటర్లు కదా! దానితో ఒక చదరం గీచి గోడకు అంటించి, ఎంత దూరం నుంచి బొమ్మ తెలుస్తుందో చూడండి. ఆ కొలత ఎందుకు పెట్టారో మీకే అర్థమవుతుంది.

పలక ఒక్కటే చాలదు. సరుకు పంపేవారు దాని గుణాలను పూర్తిగా లారీ యజమానికి తెలపాలి. యజమాని డ్రైవరుకు వ్రాతపూర్వకంగా సూచనలివ్వాలి. డ్రైవరు చదవడం, వ్రాయడం వచ్చినవాడై, ప్రత్యేక శిక్షణ పొంది ఉండాలి. ప్రమాదం జరిగితే వెంటనే దగ్గరి పోలీసు స్టేషనుకు తెలపాలి.

5, 8 కలిస్తే ఎంత?

లెక్కల మాస్టారు 13 అంటారు. లారీలో మాత్రం జవాబు వేరు.

బ్లీచింగ్ పౌడరు అయిదవ తరగతి సరుకు. హైడ్రోక్లోరికామ్లం ఎనిమిదవ తరగతి సరుకు. ఒకే లారీలో ఈ రెండూ ఉన్నాయనుకొందాం. లారీ కుదుపుకు ఆమ్లం డబ్బా పగిలి, ఆమ్లం బ్లీచింగ్ పౌడరు సంచుల మీద పడితే క్లోరిన్ వెలువడుతుంది. క్లోరిన్ విషవాయువు, రెండవ తరగతిది. అంటే 5, 8 కలిస్తే 2! లారీ మీద పసుపు పలక ఉన్నది, తినివేసే ఆమ్లం పలక ఉన్నది. విషవాయువు పలక మాత్రం లేదు. ఎందుకంటే ఎక్కించినప్పుడు ఆ వాయువు లారీలో లేదు.

ఇంకొక ఉదాహరణ. అమ్మోనియం నైట్రేటు అయిదవ తరగతిది. డీజిలు మూడవ తరగతిది. గనులలో రాయిని పగులగొట్టడానికి వాడే ప్రేలుడు పదార్థాలలో ఒకటి ఈ రెంటినీ కలిపి చేసినదే. ఇక్కడ 5, 3 కలిస్తే 1 అయింది. అలాగే వెల్డింగు షాపులకు పోయే కాల్షియం కార్బైడు డబ్బాలోకి ప్రక్క పీపా నుంచి కారిన నీళ్ళు పోతే, మండే వాయువైన ఎసిటిలీన్ పుడుతుంది. నీళ్ళకు ఏ తరగతీ లేదు, ఏ పలకా లేదు. అయినా ప్రమాదం పుట్టింది.

దీనినిబట్టి ఏమి తెలిసింది? పలక ప్రతి వస్తువు స్వభావాన్నీ విడివిడిగా చెబుతుంది. రెండు వస్తువుల నడుమ పుట్టే స్వభావాన్ని అది చెప్పలేదు. అందుచేత కలగలుపు సరుకు విషయంలో మొదటి నియమం పలకది కాదు, ఎడబాటుది. ఏది దేనితో కలిపి పోకూడదో పట్టికలు వేసి ఉంచారు. ఆ పట్టిక చూచి, కలిసి పోదగినవాటిని మాత్రమే ఎక్కించిన తరువాతనే పలక సంగతి.

రెండు చేదు పాఠాలు

ఈ నియమాలు ఊరకే పుట్టలేదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ నిలిచి ఉన్నది. అందులో సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థాలు, వేలకొలది దూది బేళ్ళు, నూనె పీపాలు, కలప ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో దూది ఉన్న అరలో నిప్పు కనబడింది. దూది లోలోపలే రాజుకొని కాలే వస్తువు. పైన నీళ్ళు పోసినంతమాత్రాన ఆరదు. ఆ అరలోనే దూదికి పైన ప్రేలుడు పదార్థాలున్నాయి. నాలుగు గంటలు దాటగానే ఓడ ప్రేలిపోయింది. వందలమంది చనిపోయారు. మంటలార్పడానికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ప్రాణాలు కోల్పోయారు. ఏటా ఏప్రిల్ 14న మన దేశంలో అగ్నిమాపక దినం జరిపేది వారి జ్ఞాపకార్థమే.

రెండవ పాఠం 1958 నాటిది. కేరళలో పారథియాన్ అనే పురుగుమందు, తినే పిండి ఒకే ఓడలో ఒకే చోట ప్రయాణం చేశాయి. మందు కారి పిండిలో కలిసింది. మంట లేదు, ప్రేలుడు లేదు. ఆ పిండితో చేసిన పదార్థాలు తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ తరువాతనే మన దేశంలో 1968లో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. పంటల కాలంలో ఎరువులు, పురుగుమందులు, బియ్యం బస్తాలు ఒకే ట్రాక్టరులో ఇంటికి తెచ్చే పల్లెలకు ఈ పాఠం ఈనాటికీ పాతబడలేదు.

కలగలుపు బండికి ఏ పలక?

కలిసి పోదగిన సరుకులనే ఎక్కించాం. ఇక పలక మీద ఏమి వ్రాయాలి? దేశాలు దీనికి వేరువేరు దారులు కనిపెట్టాయి.

మొదటి దారి, అన్నీ చెప్పడం. లారీలో ఎన్ని తరగతులుంటే అన్ని బొమ్మలూ పెడతారు. ఇది పూర్తి నిజం. కాని అయిదారు బొమ్మలు ప్రక్కప్రక్కనే ఉంటే కంగారులో చూచేవానికి దేనికి ముందు భయపడాలో తెలియదు.

రెండవ దారి, ఒక్క మాటలో చెప్పడం. అమెరికాలో కొన్ని తరగతుల పెట్టెలు కలగలుపుగా ఉంటే, విడివిడి బొమ్మలకు బదులు ‘ప్రమాదకరం’ అనే అర్థమిచ్చే ఒక్క పలక పెట్టవచ్చు. అయితే దానికి హద్దులున్నాయి. ఒకే తరగతి సరుకు ఒకే చోట 1,000 కిలోలు గాని అంతకు మించి గాని ఎక్కితే, దాని సొంత బొమ్మ పెట్టవలసిందే. ఘోరంగా ప్రేలేవి, విషవాయువులు, నీళ్ళు తగిలితే ప్రమాదమయ్యేవి ఎంత కొంచెం ఉన్నా వాటి బొమ్మ తప్పనిసరి. ఐరోపా దేశాలలో డబ్బాలు, పెట్టెలు మోసే లారీకి ముందూ వెనుకా అంకెలు లేని నారింజ రంగు పలక ఉంటుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల ఆ పలక ‘జాగ్రత్త, కాగితాలు చూడండి’ అని మాత్రమే చెబుతుంది.

మూడవ దారి, ఏమి చేయాలో చెప్పడం. 1970ల దశకంలో లండను అగ్నిమాపక దళం ఒక సంకేతాన్ని తయారుచేసింది. దాని పేరు హజ్‌కెమ్. మన పెట్రోలు ట్యాంకర్ల మీద కూడా ‘3 వై ఈ’ అని ఉండడం చూడవచ్చు. మొదటి అంకె మంటకు మందు: 1 అయితే నీటిధార, 2 అయితే సన్నని తుంపర, 3 అయితే నురుగు, 4 అయితే పొడి పదార్థం. చివర ‘ఈ’ ఉంటే చుట్టుప్రక్కల జనాన్ని ఖాళీ చేయించడం గూర్చి ఆలోచించాలి. నడిమి అక్షరం మూడు ప్రశ్నలకు ఒకేసారి జవాబు చెబుతుంది. ఇది తీవ్రంగా చర్య జరుపుతుందా? సిబ్బందికి శ్వాస పరికరం చాలునా, ఒళ్ళంతా కప్పే రసాయన రక్షణ దుస్తులు కావాలా? ఒలికినదానిని నీళ్ళతో పలుచన చేసి కడిగివేయవచ్చునా, గట్టు కట్టి ఆపాలా?

ఈ సంకేతంలోని అందమంతా కలగలుపులో తెలుస్తుంది. అనేక అరల ట్యాంకరులో వేరువేరు ద్రవాలుంటే, ప్రతి ప్రశ్నకూ అన్నింటిలోకి కఠినమైన జవాబునే తీసికొంటారు. ఉదాహరణకు, లెక్క తెలియడానికి మాత్రమే, గంధకామ్లాన్నీ పెట్రోలునూ తీసికొందాం. గంధకామ్లం సంకేతం ‘2 పి’. పి అంటే తీవ్రంగా చర్య జరుపుతుంది, రక్షణ దుస్తులు కావాలి, కడిగివేయవచ్చు. పెట్రోలుది ‘3 వై ఈ’. వై అంటే తీవ్రంగా చర్య జరుపుతుంది, శ్వాస పరికరం చాలు, గట్టు కట్టి ఆపాలి. 2, 3లలో పెద్దది 3. దుస్తుల విషయంలో పి కఠినం. కాలువ విషయంలో వై కఠినం. తీవ్రత, రక్షణ దుస్తులు, గట్టు, ఈ మూడూ కలిసిన అక్షరం డబ్ల్యు. ‘ఈ’ ఒక్కదానికి ఉన్నా అందరికీ ఉన్నట్లే. కనుక కలగలుపు సంకేతం ‘3 డబ్ల్యు ఈ’. అయిదు నిమిషాలు ఆలోచిస్తే ఇది మీరే చేయగలరు.

బెలుం నేల కథ

‘కడిగివేయవచ్చునా, ఆపాలా’ అనే ప్రశ్న అన్నిచోట్లా ముఖ్యమే. బెలుం ప్రాంతంలో మరీ ముఖ్యం.

వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కరిగించుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయిని లక్షల ఏండ్లు కరిగించగా బెలుం గుహలు ఏర్పడ్డాయి. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ వీటిని గూర్చి వ్రాశాడు. 1982, 1983లలో గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపల తిరిగి కొలిచింది. ఇప్పటికి తెలిసిన పొడవు 3,229 మీటర్లు. అన్నిటికంటే లోతైన చోటు, సుమారు 46 మీటర్ల క్రింద, పాతాళగంగ. అక్కడ నీటి ప్రవాహం కనబడి మళ్ళీ రాళ్ళలో మాయమవుతుంది.

మట్టినేలలో ఒలికిన ద్రవం నెమ్మదిగా ఇంకుతుంది. మట్టి కొంతవరకు దానిని వడగడుతుంది. సున్నపురాతి నేలలో పగుళ్ళుంటాయి, బిలాలుంటాయి. ద్రవం వడపోత లేకుండా నేరుగా భూగర్భజలంలోకి దిగిపోగలదు. అక్కడి నుంచి ఏ బావిలో తేలుతుందో పైనుంచి చూచి చెప్పలేం. ఇటువంటి చోట పెట్రోలు ఒలికితే నీళ్ళతో కడగడమంటే దానిని మన చేతులతో బావిలో పోసినట్లే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కనుక పల్లాలలో, బిలాలలో నిలిచి, నిప్పు రవ్వ కోసం కాచుకొని ఉంటుంది.

ఆమ్లం ఒలికితే ఇంకొక వింత. సున్నపురాయి ఆమ్లంతో చర్య జరిపి, నురగలు కక్కుతూ, ఆమ్లం బలాన్ని తగ్గిస్తుంది. ఇది మంచిదే. కాని ఆ చర్యలో వెలువడే బొగ్గుపులుసు వాయువు కూడా గాలికంటే బరువైనదే. పల్లంలోకి దిగినవానికి ఊపిరాడకపోవచ్చు. చూచారా, లారీ మీద లేని మూడవ సరుకు నేలలో నుంచి కూడా వచ్చి కలవవచ్చు!

గనుల దారిలో

నాపరాళ్ళను పొరలు పొరలుగా లేపవచ్చు. సిమెంటుకు కావలసిన సున్నపురాయి కోసం చాలావరకు ప్రేల్చక తప్పదు. అందుకు రెండు రకాల వస్తువులు కావాలి. ఒకటి, రాయిని పగులగొట్టే అసలు ప్రేలుడు పదార్థం. రెండవది, దానిని అంటించే డిటోనేటరు. రెండూ ఒకటవ తరగతివే, రెంటికీ నారింజ రంగు పలకే. అయినా వాటిని ఒకే అరలో కలిపి తీసికొనిపోకూడదు. డిటోనేటరు చిన్న దెబ్బకే ప్రేలగలదు. అది ప్రేలితే అసలు సరుకును ప్రేల్చడమే దాని పని. అందుకే ఒకటవ తరగతి బొమ్మ క్రింద ఒక అక్షరం కూడా వ్రాస్తారు. డిటోనేటర్లకు బి, అసలు ప్రేలుడు పదార్థానికి డి వంటివి. అక్షరాలు వేరైతే జాగ్రత్తలూ వేరు.

2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్ళపల్లెలో, ఆళ్ళగడ్డకు తూర్పున నల్లమల కొండలకు ఆవలివైపున, ఒక గని దగ్గర వాహనం నుంచి జిలెటిన్ కడ్డీలను దించుతుండగా ప్రేలుడు జరిగి 10 మంది చనిపోయారు. ప్రయాణం ముగిసిందంటే ప్రమాదం ముగిసినట్లు కాదు. ఎక్కించడం, దించడం కూడా రవాణాలో భాగమే.

అబద్ధమాడే పలక

‘నాన్నా, పులి!’ కథ మీకు తెలుసు. ఆమ్లం దించివేసి, శుభ్రంగా కడిగి, ఉల్లిగడ్డలు ఎక్కించిన లారీకి ఆమ్లం పలక అలాగే ఉంటే అది అబద్ధం. అటువంటి పలకలను రోజూ చూచేవారికి నిజమైన పలక మీద కూడా నమ్మకం పోతుంది. కనుక సరుకు పోగానే పలక తీయాలి, లేదా మూసివేయాలి.

అయితే ఖాళీ పెట్రోలు ట్యాంకరు సంగతి వేరు. అందులో ద్రవం లేకున్నా ఆవిరి నిండి ఉంటుంది. గాలితో కలిసిన ఆ ఆవిరి నిప్పు తగిలితే ప్రేలగలదు. దానిని శుభ్రం చేసేవరకు పలక ఉండవలసిందే. బురద పట్టిన పలక, తాడు అడ్డం వచ్చిన పలక, టార్పాలిన్ క్రింద దాగిన పలక, ఇవి లేనట్లే లెక్క.

మీరు ఏమి చేయాలి?

ప్రమాదకర సరుకు లారీ బోల్తా పడితే దగ్గరకు పోకండి. ఒలికిన పెట్రోలును బిందెలతో పట్టుకోవడానికి పరుగెత్తేవారిని ఆపండి. గాలి ఎటునుంచి వీస్తున్నదో చూచి, గాలికి ఎదురు వైపున, ఎత్తైన చోట, దూరంగా నిలబడండి. అగ్గిపుల్ల గీయనీయకండి. దూరం నుంచే పలక మీది నాలుగంకెల సంఖ్యను, బొమ్మ రంగును చదివి, 112కు గాని 101కి గాని ఫోను చేసి చెప్పండి. ‘ఏదో లారీ పడింది’ అనడానికీ, ‘1203 అని ఉన్న లారీ పడింది’ అనడానికీ ఎంతో తేడా ఉన్నది. రెండవ మాట విన్న అగ్నిమాపక దళం నురుగుతో బయలుదేరుతుంది.

ఆలోచించండి

1. కాల్షియం కార్బైడు లారీ వానలో బోల్తా పడింది. నీళ్ళు కొట్టవచ్చునా? దానిమీద ఏ రంగు చదరం ఉంటుంది?
2. పురుగుమందు డబ్బాలు, పశువుల దాణా ఒకే లారీలో వేరువేరు మూలలలో ఉన్నాయి. ఇది సరియేనా? 1958 నాటి సంఘటనను గుర్తుచేసికొని చెప్పండి.
3. మీ ఊరి రోడ్డు ప్రక్క, సురక్షితమైన చోట పెద్దవారితో కూర్చొని, ఒక గంటలో పోయిన లారీల మీది బొమ్మలను, సంఖ్యలను నోటు పుస్తకంలో వ్రాసికొనండి. ఎన్ని తరగతులు కనబడ్డాయి? ఎన్ని పలకలు చదవడానికి వీలుగా ఉన్నాయి?